బోలుకొండలో మొండితోక పిల్లి

ఉప్పు లేని పప్పు ఒక పూట తిని చూడండి. రెండో పూట కూడా అదే వడ్డిస్తే అమ్మ మీద అలుగుతారు. నెమలికోన రాజ్యంలో జనం రెండేళ్ళపాటు అదే తిన్నారు. రాజుగారి వెండిపళ్ళెంలో చప్పిడి పులుసు, కూలివాడి ముంతలో చప్పిడి గంజి. ఊరగాయ జాడీలు బూజుపట్టి పెరట్లో బోర్లా పడ్డాయి. పశువులు ఉప్పు రుచి కోసం పాత మట్టిగోడల్ని నాకి నాకి గుంటలు చేశాయి. వండే ఆడవాళ్ళని మగవాళ్ళు, తినే మగవాళ్ళని ఆడవాళ్ళు తిట్టుకోవడమే ఆ రాజ్యంలో మిగిలిన కారం.

కారణం ఒక్కటే. ఉప్పు రావాల్సింది సముద్రం నుంచి. సముద్రానికి ఉన్న ఒకే దారి బోలుకొండ కనుమ. ఆ కొండలో ఎవడో రాక్షసుడు చేరాడు. ఉప్పుకు పోయిన బండ్లు పోయినట్టే ఉన్నాయి. ఒకసారి మాత్రం ఒక ఎద్దు ఒంటరిగా తిరిగొచ్చింది. చివరికి యువరాజు ధవళకేతుడు అరవై మంది భటులతో బయలుదేరాడు. కొండ ఎక్కడానికి దారి చూపించే మనిషి కావాలి కదా, అందుకని తేనెగూడెం నుంచి గురవడు అనేవాణ్ణి వెంట తీసుకుపోయాడు. ఆరు నెలలైనా ఒక్కరూ తిరిగిరాలేదు. రాజు మంచం పట్టాడు.

ఈ కథ యువరాజుది కాదు. గురవడి చెల్లెలు సుంకిది.

తేనెగూడెం వాళ్ళు కొండ అంచు నుంచి తాడు వేలాడదీసి, దాని మీద దిగి, నిలువు రాతికి పట్టిన తేనెపట్లు కోస్తారు. అక్కడ పసిపిల్లలకు మాటలు రాకముందే నేర్పే పాఠం ఒకటుంది. జారితే చేతులు చాపు, దొరికింది పట్టుకో, పట్టింది వదలకు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. దిగేవాడి తాడును పైన పట్టుకోవాల్సింది అతని బావమరిదే. తాడు జారితే తన తోబుట్టువు బతుకే పాడవుతుంది గనక బావమరిది తుమ్ము వచ్చినా పట్టు సడలించడు. ఆడపిల్లలు దిగడం ఆ గూడెంలో లేదు. అయినా చెల్లెలి పోరు పడలేక గురవడు ఎవరూ రాని అంచుకు తీసుకుపోయి, తనే తాడు పట్టుకుని దింపి నేర్పాడు. పద్దెనిమిదేళ్ళ సుంకికి తేనె కోయడం ఎంత బాగా వచ్చో గురవడికీ తేనెటీగలకీ తప్ప ఎవరికీ తెలియదు.

అన్నను వెతకడానికి సుంకి అతని పాత తాడు భుజాన వేసుకుని బయలుదేరుతుంటే తల్లి గడపకు అడ్డంగా కూర్చుంది.

“ఒకడు పోయింది చాలదా? నీ తాడు ఎవరు పట్టుకుంటారే?”

“చెట్టుకు కట్టుకుంటాలేమ్మా.”

“చెట్టుకేం తెలుసు, నువ్వు ఎవరి బిడ్డవో!”

సుంకి తాడు భుజాన సర్దుకుని, తల్లి మోకాళ్ళ మీదుగా దాటి వెళ్ళిపోయింది.

మూడు రోజులు అడవిలో నడిచింది. మూడో రోజు ఒక ముని కనిపించాడు. మద్దిచెట్టు కొమ్మకు మోకాళ్ళు తగిలించి తలకిందులుగా తపస్సు చేస్తున్నాడు. గడ్డం ముఖమంతా కప్పేసింది. మాటలు ఆ గడ్డంలోంచే వచ్చాయి.

“ఎక్కడికి తల్లీ?”

“బోలుకొండకు. మా అన్నను తెచ్చుకోవాలి స్వామీ. మంత్రమో తాయెత్తో ఇప్పించండి.”

“తాయెత్తులుంటే నేనిలా వేలాడతానా? ఒక ప్రశ్న ఇస్తా, పట్టుకుపో. చేతిలో తాడు లేనప్పుడు నీకు ఆసరా ఏది?”

“తాడు లేకుండా మావాళ్ళు ఉండరు స్వామీ. కాస్త తిన్నగా చెప్పండి.”

“తలకిందులుగా ఉన్నవాణ్ణి పట్టుకుని తిన్నగా చెప్పమంటావేం! పో, పో. జవాబు మోసుకుంటూనే తిరుగుతున్నావు.”

సుంకి తన మూట విప్పి చూసుకుంది. అందులో జొన్నరొట్టె తప్ప ఏమీ లేదు. సగం మునికి పెట్టి, మిగిలిన సగం తింటూ ముందుకు సాగింది.

బోలుకొండ పేరుకు తగ్గట్టు లోపలంతా డొల్ల. శిఖరాన గుండ్రటి నోరుంది. తొంగిచూస్తే లోపల నిలువునా దిగిపోయిన బిలం కనిపించింది. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు వెలుగు అడుగు దాకా పడింది. అక్కడ వెల్లకిలా పడి ఉన్నారు మనుషులు, వందల మంది. అందరూ రాళ్ళయిపోయారు. వాళ్ళలో ఒకడు రెండు చేతులూ పైకి చాచి, పిడికిళ్ళు బిగించి ఉన్నాడు. తాడు లేని చోట తాడు కోసం వెతికినట్టున్నాయి ఆ పిడికిళ్ళు. అవి ఎవరివో సుంకికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆమె తాడును చెట్టుకు బిగించి దిగింది. సగం దూరం దిగేసరికి తాడు దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది. తలెత్తి చూస్తే బిలం నోటి అంచు మీదుగా ఒక పెద్ద ముఖం.

“తేనెగూడెం దానివి కదూ? ఒకరు పట్టుకోకుండా మీరు దిగరాదట కదా. పాపం ఎవరూ లేరని నేనే పట్టుకున్నాను,” అన్నాడు రాక్షసుడు. “నన్ను వెల్లకిలాసురుడంటారు. నాలుగు శాస్త్రాలు క్షుణ్ణంగా చదివినవాడను.”

అంటూ తాడును ఒక్క విదిలింపు విదిలించాడు. సుంకి ఎగిరి గోడలో ఉన్న ఒక గూట్లో పడింది. తాడు పైకి వెళ్ళిపోయింది.

ఆ గూడు మూడు అడుగులు వేస్తే అయిపోయేది. వెనక రాయి, ముందు బిలం. గోడ నూనె రాసినంత నున్నగా ఉంది. ఎక్కబోతే ఆమె గోళ్ళు విరిగాయి. పైన గచ్చకాయంత ఆకాశం. గూట్లో ఒక తిరగలి, ఒక రాగుల బస్తా, ఒక నీళ్ళకుండ. అంతే సామాను.

“ఆరు రోజులు నాకు రాగులు విసిరిపెట్టు,” అని పైనుంచి వినిపించింది. “ఏడో మధ్యాహ్నం నీ వంతు. నిన్ను బిలం మీది బల్లపై వెల్లకిలా పడుకోబెట్టి, దాన్ని పట్టి ఉంచే చీల లాగుతాను. తొయ్యను, తిప్పను, ఊరికే వదిలేస్తాను. కింద నేల బూరుగుదూది కన్నా మెత్తన, ఎముక విరగదు. కాని వీపు తగిలిందా, రాయి! మనిషన్నవాడు ఎవడైనా గాలిలో తనంతట తాను తిరిగి, వీపు తగలకుండా దిగిననాడు ఈ శాపం తొలగిపోతుంది.”

“అయితే దిగినవాళ్ళు లేరా?”

“ఎలా దిగుతారు? పడవలో కూర్చున్నవాడు ఒడ్డును నెడితేనే పడవ కదులుతుంది. గాలిలో ఒడ్డు ఏదీ? నెట్టడానికి ఏమీ లేని చోట ఎవడూ తిరగలేడు. అది శాస్త్రం!” అని పకపకా నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం సుంకి తిరగలి తిప్పుతుండగా గూటి ముందు నుంచి నల్లటిదేదో జారిపోయింది. కింద చిన్న చప్పుడైంది. పైన రాక్షసుడు పళ్ళు పటపట కొరికాడు. కాసేపటికి మనిషి చెయ్యి కూడా పట్టని పగులులోంచి పాకుతూ ఒక ముసలి పిల్లి గూట్లోకి వచ్చింది. దానికి తోక లేదు.

“పిండి అంతా మీద పోసుకున్నావేంటే పిల్లా? విసరడం కూడా రాదా?” అంది.

సుంకి ఉలిక్కిపడి రెండు చేతులూ గాల్లోకి చాపింది. తర్వాత తేరుకుని, “నువ్వు మాట్లాడతావా పెద్దమ్మా?” అంది.

“ఈ కొండలో రాళ్ళతో ఎంతకాలం ఉంటాను మాట్లాడకుండా? ఆ పైవాడు రెండేళ్ళుగా రోజూ నన్ను వెల్లకిలా వదిలిపెడతాడు. నేను రోజూ కాళ్ళ మీదే దిగుతాను. వాడి శాస్త్రం ఏడుస్తుంది. కిటుకు తోకలో ఉందని తోక కోసేశాడు. తోక లేకుండానూ దిగాను. అప్పట్నించీ వాడికి తిన్నది ఒంటబట్టడం లేదు.”

సుంకి కళ్ళు పెద్దవయ్యాయి. పిల్లి ముందు చేతులు జోడించింది. “ఎలా తిరుగుతావో నాకు చెప్పు పెద్దమ్మా. నీ కాళ్ళు మొక్కుతా. అడుగున మా అన్న ఉన్నాడు.”

పిల్లి చాలాసేపు ఆలోచించింది. పంజా నాకింది. మళ్ళీ ఆలోచించింది.

“నువ్వు నీళ్ళు ఎలా మింగుతావో చెప్పు చూద్దాం. చెప్పలేవు కదా? ఇదీ అంతే. పడుతుంటే తిరగాలనిపిస్తుంది, తిరుగుతాను. నాకు తెలిసింది అంతే.”

తెలిసినవాళ్ళకు చెప్పడం రాకపోతే చూసి నేర్చుకోవాలి. కాని చూడటానికి ఆ బిలంలో వెలుగు ఉండేది మధ్యాహ్నం కాసేపే. పిల్లి గూటి ముందు నుంచి పడేది రెప్పపాటు. రెండో మధ్యాహ్నం సుంకి పిల్లిని మొత్తంగా చూడబోయి ఏమీ చూడలేకపోయింది. ఆ రాత్రి తేనెపట్టు గుర్తొచ్చింది. పట్టును ఎవరూ మొత్తంగా కొయ్యరు, ఒక్కో పక్క కోస్తారు. మూడో మధ్యాహ్నం ఆమె ముందుకాళ్ళను మాత్రమే చూసింది. వదిలిన వెంటనే పిల్లి వాటిని గుండెకు ముడుచుకుంది, తలా భుజాలూ గిర్రున నేలవైపు తిరిగాయి. నాలుగో మధ్యాహ్నం వెనకకాళ్ళను మాత్రమే చూసింది. భుజాలు తిరిగేటప్పుడు అవి బారుగా చాపుకుని ఉన్నాయి, దాదాపు కదల్లేదు. ఆ తర్వాత ముందుకాళ్ళు చాపుకోగానే వెనకవి ముడుచుకుని గిర్రున తిరిగాయి. నడుము దగ్గర పిల్లి వంగి ఉంది, కొడవలిలా.

చూసిందంతా చెబితే పిల్లి ఆశ్చర్యపోయింది. “నేను అంత చేస్తానా! నాకెవరూ చెప్పలేదే.”

“చేస్తావు పెద్దమ్మా. కాని దేన్ని నెట్టి తిరుగుతావు? అదే అర్థం కాలేదు.”

ఐదో రోజు గడిచిపోయింది. ఆ రోజు సుంకికి గోడలు దగ్గరికి జరిగినట్టు, ఆకాశం చిన్నదైనట్టు అనిపించింది. గూటి అంచున పడుకుని కిందికి చూస్తూ, “అన్నా!” అని పిలిచింది. బిలం ఆ మాటనే పదిసార్లు తిరిగి చెప్పింది. పిల్లి వచ్చి ఆమె వీపు మీద ఎక్కి పడుకుంది.

ఆరో రోజు పొద్దున రాగులు విసురుతూ, పైగోడ దగ్గర ఏదైనా పగులుందేమో చూద్దామని సుంకి తిరగలి పైరాయి ఎక్కి నిలబడింది. రాయి కింద నలగని రాగులు ఉన్నాయి. అవి గుండ్రంగా దొర్లుతుంటే రాయి నీళ్ళ మీద ఉన్నట్టు తేలిగ్గా కదిలింది. పడిపోతానేమోనని అలవాటుగా చేతులు బారచాపి కుడివైపుకు మళ్ళింది. కాళ్ళ కింద రాయి ఎడమవైపుకు బాగా తిరిగింది. గాభరాగా చేతులు గుండెకు ముడుచుకుని మళ్ళీ తిన్నగా నిలబడింది. రాయి వెనక్కి తిరిగింది గాని, కొంచెమే తిరిగింది.

ఆమె మళ్ళీ చేసింది. చేతులు చాపి కుడికి, ముడిచి తిన్నగా. చాపి కుడికి, ముడిచి తిన్నగా. గోడను ముట్టుకోలేదు. ఎవరూ తొయ్యలేదు. కాసేపటికి వెనకనున్న రాయిగోడ ఆమె ముఖానికి ఎదురుగా వచ్చింది!

“పెద్దమ్మా!” అని కేక పెట్టింది. “చాపుకున్న సగం బరువుగా మొరాయిస్తుంది, ముడుచుకున్న సగం తేలిగ్గా తిరుగుతుంది. మొరాయించే సగాన్ని ఆనుకుని రెండో సగం తిరుగుతుంది. తర్వాత వంతులు మార్చుకోవాలి. ఒడ్డు లేదన్నాడు కదా ఆ పైవాడు? నా పైసగానికి కిందిసగమే ఒడ్డు. కిందిసగానికి పైసగం ఒడ్డు. తాడు లేనప్పుడు నాకు ఆసరా ఏదని ముని అడిగింది ఇదే. నేనే!”

“అరవకు. వాడు నిద్ర లేస్తాడు,” అంది పిల్లి, కాని దాని మీసాలు నవ్వాయి.

అర్థమైంది గాని అసలు చిక్కు అప్పుడే మొదలైంది. పడేటప్పుడు ముందుగా చేతులు గుండెకు ముడవాలి. తేనెగూడెం బిడ్డకు పడటమంటే చేతులు చాపడమే. ఆ పొరపాటుతోనే గురవడు రాయయ్యాడు. లేని తాడు కోసం కొయ్యలా బిగుసుకుని పడ్డాడు. ఆ అలవాటు ఒక్క రోజులో పోవాలి. “నేను చూడనప్పుడు మీదికి దూకు,” అని సుంకి పిల్లిని బతిమాలింది.

పిల్లి దూకింది. సుంకి చేతులు చాపింది. మళ్ళీ దూకింది. మళ్ళీ చాపింది. “అవి చేతులా, బంతిపూల తోరణాలా? ఎప్పుడూ చాపే ఉంటాయి!” అని తిట్టి, ఈసారి గోళ్ళతో గీరింది. సాయంత్రానికి సుంకి భుజాల నిండా గీతలు. చీకటి పడబోతుండగా పిల్లి బస్తా వెనకనుంచి దూకితే, ఆమె చేతులు వాటంతట అవే గుండెకు హత్తుకున్నాయి. పిల్లి కింద కూర్చుని, “పడుకో ఇక,” అంది.

ఏడో మధ్యాహ్నం రాక్షసుడి చెయ్యి దిగి సుంకిని ఎత్తుకుపోయింది. బిలం నోటి మీద అడ్డంగా వేసిన బల్లపై వెల్లకిలా పడుకోబెట్టాడు.

“చివరి కోరిక ఏమైనా ఉందా?”

“ఉంది. నేను పడుతుంటే బాగా చూడు. నీ శాస్త్రంలో ఒక పుట తక్కువైంది.”

“పిండి విసిరే పిల్ల నాకు శాస్త్రం చెబుతుందా!” అని రాక్షసుడు చీల లాగాడు.

బల్ల మాయమైంది. చేతులు చాపమని ఒంట్లో ప్రతి ఎముకా అరిచింది. సుంకి వాటిని గుండెకు హత్తుకుంది. కాళ్ళు రెండూ బారుగా ఎడంగా చాపింది. నడుము వంచి, భుజాల్ని గిర్రున తిప్పింది. ఆకాశం పక్కకు జారి గోడ కనిపించింది. వెంటనే చేతులు బారచాపి, కాళ్ళు ముడిచి, తుంటిని వెనకే లాక్కొచ్చింది. సగమే తిరిగింది! ఆమె మనిషి, పిల్లి కాదు. నడుము అంత వంగదు. ఖాళీ గూడు పక్కనుంచి పైకి దూసుకుపోయింది. మళ్ళీ చేతులు ముడిచింది, కాళ్ళు చాపింది, భుజాలు తిప్పింది. ఇప్పుడు ఎదురుగా నేల, రాతి ముఖాలు, అన్న పిడికిళ్ళు. చేతులు చాపు, కాళ్ళు ముడువు, లాగు!

రెండు అరచేతులూ, రెండు అరికాళ్ళూ ఒక్కసారే మెత్తని నేలను తాకాయి.

పైన రాక్షసుడు కళ్ళు నులుముకున్నాడు. “దేన్ని నెట్టింది? ఏదీ నెట్టలేదే!” అంటూ ఇంకా బాగా చూద్దామని ముందుకు వంగాడు. ఇంకాస్త వంగాడు. అంత పెద్ద ఒళ్ళు, అంత పెద్ద తల, కాలు జారింది. గాలిలో ఒక్కసారి పల్టీ కొట్టి, కొయ్యలా బిగుసుకుని, పట్టుకోవడానికి ఒడ్డు వెతుక్కుంటూ పడ్డాడు. మనుషులు లేని మూలన వీపు తగలడమూ, పెద్ద బండరాయి కావడమూ ఒక్కసారే జరిగాయి. మరుక్షణం శాపం విడిపోయింది. కొండ అడుగున గోడ నిలువునా చీలి, కనుమ దారి ఎండలో మెరుస్తూ కనిపించింది. మనుషులంతా మూలుగుతూ, వీపులు రుద్దుకుంటూ లేచారు. రాక్షసుడు మాత్రం లేవలేదు. విరుగుడు తనే చెప్పి, అది జరగదని నవ్వినవాడికి ఆ విరుగుడు పనిచెయ్యలేదు.

గురవడి పిడికిళ్ళు విడిపోయాయి. ఒకదానిలో చెల్లెలి చెయ్యి ఉంది.

“తాడేదే?” అన్నాడు మొదటి మాటగా.

“తాడు లేదన్నా.”

“మరి ఎవరు పట్టుకున్నారు నిన్ను?”

సుంకి నవ్వింది గాని కన్నీళ్ళు ఆగలేదు.

నెల తిరక్కుండా ఉప్పు బండ్లు నెమలికోనలోకి బారులు తీరాయి. పశువులు గోడల్ని వదిలేశాయి. రాజు మంచం దిగి, సగం రాజ్యం ఇస్తానన్నాడు. యువరాజు ధవళకేతుడు, సుంకి ఒప్పుకుంటే తనను కూడా ఇచ్చుకుంటానన్నాడు. ఆరు నెలలు ఆ గురవడి పక్కనే రాయిగా పడి ఉన్నవాడు గనక, ఆ ఇంటి మనిషిని కాదనుకోవడం తన వల్ల కాదట.

“మా గూడెం కట్టుబాటు తెలుసా దొరా?” అంది సుంకి. “పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు అంచు దిగి తేనె తేవాలి. కాబోయే బావమరిది తాడు పడతాడు.”

యువరాజు గురవడి వైపు చూశాడు. గురవడు అరచేతులకు ఉమ్మి రాసుకుంటున్నాడు.

దిగాడు పాపం. కళ్ళు మూసుకుని దిగాడు. ఈగలు కుట్టి ఒక చెంప బూరెలా పొంగింది. తెచ్చిన తేనె దోసెడే. అంచు మీద కూర్చున్న మొండితోక పిల్లి, “కాళ్ళు బాగానే ముడుస్తున్నాడు, పనికొస్తాడు,” అంది. ఆ ఒక్క మాటతో సుంకి ఒప్పుకుంది.

ముందుగా సుంకి తల్లి గడప దగ్గరే తాంబూలాలు మార్చుకున్నారు. తర్వాత గూడెం అంతా నెమలికోన కోటకు కదిలింది. పెళ్ళి భోజనాల్లో మొదటి విస్తరి పిల్లికి వేశారు, రెండోది తలకిందులుగానే తింటానన్న మునికి. తర్వాత రాజు నుంచి కూలివాళ్ళ దాకా బారుగా కూర్చున్నారు. పప్పులో ఆ రోజు ఉప్పు కాస్త ఎక్కువే పడింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకొంచెం వడ్డించమన్నారు.